పసిబిడ్డ ఊపిరి లెక్క తెలుగులోనూ చెప్పండి

సంపాదకుల వారికి,

అయ్యా,

చలి మొదలవుతూనే పసిపిల్లల విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలంటూ మీ పత్రికతో సహా తెలుగు పత్రికలన్నీ ఏటా ఒక చిన్న వార్త వేస్తాయి. చెవులకు టోపీ పెట్టండి, చల్లగాలికి తిప్పకండి, దగ్గు తగ్గకపోతే వైద్యుణ్ణి సంప్రదించండి అని అందులో ఉంటుంది. ఆ మాటల్లో తప్పేమీ లేదు. కానీ అర్ధరాత్రి ఒళ్ళో బిడ్డను పెట్టుకుని కూర్చున్న తల్లికి నిజంగా కావలసిన మాట, ఈ దగ్గు తెల్లవారేదాకా ఆగగలిగినదా లేక ఇప్పుడే ఆటో పిలవవలసినదా అని తేల్చిచెప్పే మాట, ఆ వార్తల్లో నాకు ఎన్నడూ కనబడలేదు. అదేమంత పెద్ద శాస్త్రమూ కాదు, నిమిషానికి బిడ్డ తీసే ఊపిరులు లెక్కపెట్టడమే, గడియారం చూడటం, పదుల్లో లెక్కపెట్టడం వస్తే చాలు. చెన్నైలో ఉంటున్న తెలుగు తల్లులకు ఆ మాట వాళ్ళ భాషలో అందడం లేదు గనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను వైద్యం చదువుకున్నదాన్ని కాను. ఉత్తర చెన్నైలో ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు తెలుగు చెప్పి, ఉద్యోగ విరమణ చేసి ఇంట్లో ఉంటున్నదాన్ని. గత డిసెంబరులో మా ఇంట్లోనే జరిగిన ఒక సంఘటన వల్ల ఈ సంగతులు తెలిశాయి కాబట్టి ముందు అది చెబుతాను.

అప్పటికి మా మనవరాలికి ఎనిమిది నెలలు. వారంపాటు ముసురు పట్టి ఇల్లంతా చెమ్మగా ఉంది. మొదట ముక్కు కారింది, మర్నాడు దగ్గు పట్టుకుంది, మూడోనాటికి ఒళ్ళు కాలసాగింది. పడిశమే కదా అనుకుని, మా అమ్మ నాకు చేసినవి, నేను మా అమ్మాయికి చేసినవి అన్నీ ఆ బిడ్డకూ చేశాను. నీళ్ళు పోయకుండా ఒళ్ళు తుడిచాను, ముక్కులో రెండు చుక్కలు నూనె వేశాను, నిప్పుల మీద సాంబ్రాణి చల్లి ఆ పొగ మీద బిడ్డను అటూ ఇటూ ఆడించాను. వీటిలో రెండు పనులు ఎంత తప్పో తర్వాత తెలిసింది. దగ్గరలోని ఒక క్లినిక్కుకు తీసుకువెళితే అక్కడి వైద్యుడు గొంతులోకి టార్చి వేసి చూసి, గౌను మీదనుంచే స్టెతస్కోపు ఆనించి, మూడు సీసాల మందు రాసి పంపారు. బిడ్డ గౌను ఎత్తి ఛాతీ కేసి ఆయన చూడలేదు. నేను చూశాను గానీ చూసి కూడా గ్రహించలేదు. ఒళ్ళు తుడవడానికి బట్టలు విప్పినప్పుడే చిట్టి పొట్ట గబగబా ఎగిసిపడుతూ కనబడింది, జ్వరం కదా, అలాగే ఉంటుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆ రాత్రి పదకొండు దాటాక బిడ్డ పాలు తాగడం మానేసింది. రొమ్ము అందుకుంటుంది, రెండు గుక్కలు తాగి వదిలేసి నోరు తెరుచుకుని గాలి పీల్చుకుంటుంది. ఏడిస్తే బాగుండునని నాకు అనిపించిన రాత్రి అదొక్కటే, ఏడవడానికి కూడా ఆ బిడ్డకు ఓపిక లేదు. ఎగ్మూరులోని ప్రభుత్వ పిల్లల ఆసుపత్రికి చేరేసరికి పన్నెండున్నర అయింది. చీటీ రాయించుకునే లోపలే ఒక నర్సమ్మ వచ్చి, బిడ్డను మా అమ్మాయి ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టించి, గౌనును మెడదాకా ఎత్తి, వెలుతురు పొట్ట మీద పడేలా కొంచెం పక్కకు జరిగి నిలబడింది. ఒక కన్ను ముంజేతి గడియారం మీద, ఒక కన్ను బిడ్డ పొట్ట మీద పెట్టి, పెదవులు మాత్రం కదుపుతూ నిండా ఒక నిమిషం లెక్కపెట్టింది. "అరవై నాలుగు" అని తమిళంలో లోపలికి కేకేసి చెప్పి, నా చూపుడువేలు పట్టుకుని పక్కటెముకల చివర ఆనించింది. బిడ్డ గాలి పీల్చినప్పుడల్లా అక్కడి చర్మం లోపలికి గుంటపడుతోంది, వదిలినప్పుడు మళ్ళీ సమమవుతోంది. "ఇది సాయంత్రమే ఉండి ఉంటుంది పాట్టీ, చొక్కా ఎత్తి చూసి ఉంటే కనబడేది" అంది. న్యుమోనియా అన్నారు, మన పెద్దవాళ్ళ మాటల్లో నెమ్ము. ఆక్సిజన్ పెట్టారు, సూదిమందు మొదలుపెట్టారు. ఆరు రోజులకు బిడ్డను ఎత్తుకుని ఇంటికి వచ్చాం.

ఆ ఆరు రోజుల్లో వార్డులో నేను నేర్చుకున్న లెక్క ఇది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన అంకెల ప్రకారం, దగ్గుతోనో ఆయాసంతోనో ఉన్న బిడ్డ రెండు నెలలలోపు వయసుదైతే నిమిషానికి 60 గానీ అంతకు మించి గానీ, రెండు నెలలు నిండి ఏడాది లోపుదైతే 50 గానీ మించి గానీ, ఏడాది నుంచి ఐదేళ్ళ లోపుదైతే 40 గానీ మించి గానీ ఊపిరి తీస్తుంటే అది వేగంగా తీస్తున్నట్లు లెక్క, వెంటనే వైద్యుడికి చూపించాలి. బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా నెమ్మదిగా ఉన్నప్పుడు, నిద్రపోతుంటే మరీ మంచిది, చొక్కా ఎత్తి పొట్టో ఛాతీయో ఒకసారి లేచి దిగితే ఒకటిగా లెక్కించాలి. అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయడం పనికిరాదు, ఎందుకంటే పసికందుల ఊపిరి ఒకే తీరున ఉండదు, కాసేపు గబగబా తీసి కాసేపు నిలుపుతారు. ఇక ఛాతీ కింది భాగం ఊపిరితో పాటు లోపలికి పోతుంటే, మన ఇళ్ళలో పక్కలెగరేస్తోంది, డొక్కలెగరేస్తోంది అంటామే, అది కనబడితే లెక్కలు పెడుతూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి బయలుదేరాలి. పాలు గానీ నీళ్ళు గానీ తాగలేకపోవడం, తాగినదంతా కక్కేయడం, ఫిట్స్ రావడం, లేపినా లేవకుండా మత్తుగా ఉండటం, పెదవులు నీలంగా మారడం, వీటిలో ఏ ఒక్కటి కనబడినా 108కు ఫోన్ చేయవలసిందే. రెండు నెలలలోపు పసికందు సంగతి ఇంకా వేరు. వాళ్ళకు జబ్బు ముదిరినా జ్వరం రాకపోవచ్చు, పైగా ఒళ్ళు చల్లబడవచ్చు. కాబట్టి జ్వరం లేదు కదా అని ఆగకూడదు.

వేగంగా ఊపిరి తీసే ప్రతి బిడ్డకూ నెమ్మే ఉందని కాదు. జ్వరం ఎక్కువైనా వేగం పెరుగుతుంది, వైరస్ వల్ల సన్నటి గాలిగొట్టాలు వాచి పిల్లికూతలు వస్తున్నా పెరుగుతుంది. ఆ తేడా తేల్చడం వైద్యుల పని, వేళకు వాళ్ళ దగ్గరికి చేర్చడం మన పని.

ఇంత సులువైన లెక్కకు అంత విలువ ఎందుకని నేనూ అనుకున్నాను. తర్వాత చదివి తెలుసుకున్నదేమిటంటే, ఇది ఎక్స్‌రే యంత్రాలు అందుబాటులో లేనిచోట అవసరం కొద్దీ పుట్టిన పద్ధతి. 1980ల మొదట్లో పాపువా న్యూ గినీ కొండ ప్రాంతంలో పనిచేసిన ఫ్రాంక్ షాన్ అనే పిల్లల వైద్యుడు, ఆయన సహచరులు దగ్గుతో వచ్చిన పిల్లలను గమనించి, ఊపిరి వేగం, ఛాతీ లోపలికి పోవడం అనే రెండు గుర్తులను పట్టుకుంటే ఎవరికి మందు కావాలో, ఎవరిని ఆసుపత్రిలో ఉంచాలో చాలావరకు నిర్ణయించవచ్చునని చూపించారు. మన తెలంగాణ సరిహద్దును ఆనుకుని, సిరొంచా వైపు తెలుగు మాట్లాడేవాళ్ళే ఉన్న మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే వైద్య దంపతులు ఇదే పద్ధతిని పల్లెల్లోని ఆరోగ్య కార్యకర్తలకూ, మంత్రసానులకూ నేర్పారు. పెద్ద అంకెలు రాని మంత్రసానులు నిమిషానికి యాభై ఎలా లెక్కపెడతారు? అందుకు వాళ్ళు ఒక చిన్న పరికరం చేశారు. నిమిషానికి సరిపోయే ఇసుక గడియారం ఒకటి, పక్కన పూసల వరుసలు. పది ఊపిరులకు ఒక పూస జరపాలి, ఇసుక అయిపోయేలోగా చివరి ఎర్రపూస దాకా వచ్చిందంటే బిడ్డకు మందు అవసరమన్నమాట. ఈ పనిచేసిన ఊళ్ళలో, చేయని ఊళ్ళతో పోలిస్తే, న్యుమోనియాతో చనిపోయే పిల్లల సంఖ్య సగానికి పైగా తక్కువగా ఉందని 1990లో లాన్సెట్ వైద్య పత్రికలో వాళ్ళు ప్రకటించారు. చదువురాని మంత్రసాని చేయగలిగిన పనిని, పదో తరగతి చదివి చేతిలో సెల్‌ఫోన్ ఉన్న మన అమ్మాయిలు చేయలేకపోవడానికి కారణం ఎవరూ చెప్పకపోవడమే.

పూసల సంగతి చదివాక నాకు ఊరుకోబుద్ధి కాలేదు. మా ఇంటి వెనుక సందులో నెల్లూరు, ఒంగోలు వైపులనుంచి వచ్చి పారిశుధ్యం పనుల్లోనూ, కట్టడం పనుల్లోనూ ఉన్న కుటుంబాలు కొన్ని ఉన్నాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్ళ ఆడవాళ్ళను మా వాకిట్లో కూర్చోబెట్టి, చేటలో చింతపిక్కలు పోసి, ఫోనులో నిమిషానికి గంట పెట్టి నేర్పాను. ఒకరు బిడ్డ పొట్టను చూస్తూ పది దాకా పైకి లెక్కపెట్టాలి, పది అనగానే రెండోవాళ్ళు ఒక పిక్కను పక్కకు జరపాలి. గంట మోగేలోపు రెండు నెలల లోపు బిడ్డకు ఆరో పిక్క, ఏడాది లోపు బిడ్డకు ఐదో పిక్క, ఆపై వయసు బిడ్డకు నాలుగో పిక్క జరిగిందంటే ఆసుపత్రికి బయలుదేరాలి. ఆరు, ఐదు, నాలుగు అని గుర్తుపెట్టుకుంటే చాలు, బిడ్డ ఎదిగేకొద్దీ పిక్క తగ్గుతుంది. ఇరవై దాటి లెక్కపెట్టలేని ఒక ముసలావిడ అందరికంటే ముందు నేర్చుకుంది. కావాలంటే గులకరాళ్ళు పెట్టుకోవచ్చు, గుండీలు పెట్టుకోవచ్చు, కానీ పసిపిల్లల చేతికి అందేచోట మాత్రం వదిలిపెట్టకూడదు, నోట్లో పెట్టుకుంటే అదొక ప్రమాదం.

అయిదు నెలల తర్వాత ఒక సాయంత్రం వాళ్ళలో ఒకమ్మాయి పరుగెత్తుకొచ్చి, "టీచరమ్మా, బిడ్డకి అయిదో పిక్క జరిగిపోయింది, ఇంకా గంట కొట్టలా" అంది. బిడ్డకు ఏడో నెల. పక్కలెగరేయడం ఇంకా మొదలుకాలేదు, పాలు తాగుతున్నాడు, పలకరిస్తే నవ్వుతున్నాడు. లెక్క తెలియకపోతే ఆ రాత్రికి ఎవరూ కదిలేవాళ్ళు కాదు. ఆసుపత్రిలో చూసి, చేర్చుకోనక్కరలేదని చెప్పి, నీళ్ళలో కరిగే అమాక్సిసిలిన్ మాత్రలు ఇచ్చి, ఎన్నాళ్ళు వేయాలో, ఏ గుర్తు కనబడితే వెనక్కి రావాలో చెప్పి పంపించారు. మా మనవరాలు ఆరు రోజులు ఆక్సిజన్ గొట్టంతో పడుకున్న జబ్బు ఆ బిడ్డకు మాత్రలతో పోయింది. తేడా అల్లా ఒక్క రోజు. మరో ఇంట్లో పద్నాలుగు నెలల పిల్లకు మూడు పిక్కలే జరిగాయి. వాళ్ళు ఆ రాత్రి నిశ్చింతగా పడుకున్నారు, నాలుగు రోజులకు దగ్గు దానంతటదే తగ్గింది, సీసా మందు కొనలేదు. నా దృష్టిలో ఇది కూడా ఆ లెక్క వల్ల కలిగిన లాభమే.

ఇక భాష సంగతి. కేంద్ర ప్రభుత్వం 2019 నవంబరులో 'సాన్స్' అనే పేరుతో పిల్లల న్యుమోనియా మీద ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. హిందీలో సాన్స్ అంటే ఊపిరి. ఏటా నవంబరు 12న, అంటే ప్రపంచ న్యుమోనియా దినం నాడు, మొదలుపెట్టి ఫిబ్రవరి 28 దాకా దీన్ని ప్రచారం చేస్తారు. మా దగ్గరి ఆరోగ్య కేంద్రం గోడమీద కూడా బొమ్మలతో, అంకెలతో చక్కని పోస్టరు అతికించి ఉంది, తమిళంలో. తమిళనాట తమిళంలో ఉండటం న్యాయమే, అందులో నాకు ఫిర్యాదు లేదు. కానీ చెన్నై తెలుగువాళ్ళందరూ ఒక్క తీరు వాళ్ళు కారు. నాలుగు తరాలుగా ఇక్కడే ఉన్నవాళ్ళు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, తమిళం చదువుతారు. నిన్నగాక మొన్న కందుకూరు నుంచో ఉదయగిరి నుంచో కాపురానికి వచ్చిన పిల్ల తెలుగు చదువుతుంది, తమిళం అక్షరం ముక్క రాదు. పోస్టరు కింద గంటసేపు బెంచీమీద కూర్చుని టీకా వేయించుకుని వచ్చే ఆ పిల్లకు తలపైన ఏం రాసి ఉందో తెలియదు. (ఈ ఊళ్ళో తెలుగు బడుల గతి గురించి ఇక్కడ ఎత్తుకోను, అది వేరే ఉత్తరం.) ఆమె చేతికి అప్పుడప్పుడూ దొరికే తెలుగు అక్షరం మీ పత్రికే, అది కూడా పకోడీ పొట్లమై వచ్చినప్పుడే కావచ్చు.

ఆ లెక్కతోపాటు మరో మూడు నాలుగు విషయాలు తెలుగులో రాయవలసి ఉంది, అవి ప్రత్యేకంగా మన ఇళ్ళకు సంబంధించినవి కాబట్టి తమిళ పోస్టరు చెప్పదు, మనమే చెప్పుకోవాలి.

మొదటిది ముక్కులో నూనె. నలుగు పెట్టి, నీళ్ళు పోసి, ముక్కులోనూ చెవుల్లోనూ నూనె చుక్కలు వేసి, నోట్లో వేలుపెట్టి గళ్ళ తీయడం మన మంత్రసానులు నేర్పిన పని. నూనె నీరులాగా దగ్గును రేపదు, అందుకని బిడ్డ ఉక్కిరిబిక్కిరి కాకుండానే అది మెల్లగా ఊపిరితిత్తుల్లోకి జారిపోతుంది, అక్కడ కరగదు, వాపు పుట్టిస్తుంది. దీనికి వైద్యులు లైపాయిడ్ న్యుమోనియా అని పేరే పెట్టారు. బిడ్డ ముక్కు గట్టిగా పట్టుకుని, ఏడుస్తుండగా ఉగ్గుగిన్నెతో ఆముదం పోయడంలోనూ ఇదే ప్రమాదం ఉంది. నేను ఈ రెండూ చేసినదాన్నే, నా చేతులతోనే మా అమ్మాయికి ఆముదం పట్టాను. ముక్కు బిగిస్తే మందుల షాపులో దొరికే ఉప్పునీటి చుక్కలు చాలని వార్డులో చెప్పారు.

రెండోది పొగ. కట్టెల పొయ్యి పొగలో పెరిగే పిల్లలకు నెమ్ము ముప్పు దాదాపు రెట్టింపని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. చెన్నైలో కట్టెల పొయ్యిలు ఎన్నో లేవు, అందుకని మనకు పొగ బెడద లేదనుకుంటాం. కానీ తలుపులు బిగించిన పది అడుగుల గదిలో, ఉయ్యాల కింద రాత్రంతా దోమల చుట్ట (మస్కిటో కాయిల్) కాలుతుంది. ఒక చుట్ట పూర్తిగా కాలితే వెలువడే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత ఉంటుందని పరిశోధకులు లెక్కకట్టారు. నాన్న బయట అరుగుమీద బీడీ కాల్చుకున్నందుకు కోప్పడే అత్తగారు లోపల దోమల చుట్ట వెలిగించి పడుకుంటుంది. పసిబిడ్డకు దోమతెర కట్టడం మేలు. సాంబ్రాణి దేవుడి దగ్గర వేసుకుందాం, తల ఆరడానికి బిడ్డను దానిమీద ఆడించవద్దు. ఇది రాస్తుంటే మా అత్తగారు పైనుంచి నన్ను తిడుతున్నట్లే ఉంది, అయినా రాయక తప్పదు.

మూడోది గాడిదపాలు. ఇప్పటికీ మా వైపు వీధుల్లో గాడిదను తోలుకుంటూ వచ్చి, అప్పటికప్పుడు పిండి, చిన్న గ్లాసెడు పాలు మంచి ధరకు అమ్ముతారు. బిడ్డకు ఉబ్బసం రాదు, దగ్గు రాదు, గొంతు బాగుంటుంది అని కేకలు వేస్తారు. వాళ్ళ బతుకుతెరువు మీద నాకు కోపం లేదు, కానీ కాచని పాలను పసికందు నోట్లో పోయడమంటే సూక్ష్మజీవులను పోయడమే. పుట్టిన గంటలోపు ముర్రుపాలు, ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప చుక్క నీళ్ళు కూడా వద్దు అన్నదే నెమ్ముకు కూడా ముందుజాగ్రత్త. తల్లికి పడిశం పట్టినా పాలు మాన్పించకూడదు, చేతులు కడుక్కుని, ముక్కూ నోరూ గుడ్డ కట్టుకుని ఇవ్వాలి.

దగ్గు మందు సీసాల గురించి ఒక మాట. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో దగ్గు మందు తాగిన చిన్నపిల్లలు మూత్రపిండాలు చెడి చనిపోయారు. ఆ మందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషపదార్థం కలిసిందనీ, అది తయారైంది మన చెన్నై పక్కనే ఉన్న కాంచీపురం జిల్లాలోననీ అందరూ చదివారు. ఆ అక్టోబరులోనే కేంద్ర ఆరోగ్యశాఖ రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయనూ వద్దు, ఇవ్వనూ వద్దు అని సూచించింది. విషం కలవని మందైనా పసివాళ్ళ దగ్గును తగ్గించేది అంతంత మాత్రమే. నాకు ఎక్కువ భయం కలిగించేది మరొకటి: మందు పోశాం కదా అనే ధీమా. మేము మా బిడ్డకు మూడు సీసాలు పోస్తూ, ఊపిరి చూడటం మానేసి విలువైన సమయం పోగొట్టుకున్నాం. ఏడాది దాటిన పిల్లలకు దగ్గు వచ్చినప్పుడు కొంచెం తేనె నాకించవచ్చు, ఏడాది లోపు తేనె మాత్రం అసలు కూడదు.

టీకాల గురించి మన తల్లులకు కొత్తగా చెప్పనక్కరలేదు, బుధవారం రాగానే ఆరోగ్య కేంద్రం ముందు వరుస కడతారు. అయితే ఏ సూది దేనికో చాలామందికి తెలియదు. నెమ్మును తెచ్చే ముఖ్యమైన సూక్ష్మజీవుల్లో ఒకటైన హిబ్‌కు రక్షణ ఐదు జబ్బుల టీకాలోనే ఉంది. దాన్ని దేశంలో మొట్టమొదట 2011 డిసెంబరులో ప్రారంభించినవి తమిళనాడు, కేరళలే. మరొకటైన న్యుమోకోకస్‌కు పీసీవీ అనే టీకా 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై, 2021లో దేశమంతటికీ వచ్చింది. ఆరో వారం, పద్నాలుగో వారం, తొమ్మిదో నెల అని మూడు మోతాదులు. ప్రైవేటులో వేలు పోస్తే దొరికేది ప్రభుత్వ కేంద్రంలో ఉచితం. మన వాళ్ళలో జారిపోయేది తొమ్మిదో నెలది. కాన్పుకు వచ్చిన అమ్మాయి మూడో నెలలో ఊరికి వెళ్ళిపోతుంది, కార్డు ఇక్కడ ఉండిపోతుంది, అక్కడ అడిగితే వేశారనే చెబుతారు. ఆ తొమ్మిదో నెలలోనే తట్టు టీకా కూడా ఉంది. తట్టు పోసిన పిల్లల ప్రాణం తీసేది ఎక్కువగా దాని వెంట వచ్చే నెమ్మే. ఏ ఊళ్ళో ఉన్నా ఆ కార్డు చూపించి ఏ ప్రభుత్వ కేంద్రంలోనైనా మిగిలినవి వేయించుకోవచ్చునన్న సంగతి ప్రయాణం చేసే మన కుటుంబాలకు గట్టిగా చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019 ఒక్క ఏడాదిలోనే ఐదేళ్ళలోపు పిల్లలు 7,40,180 మంది న్యుమోనియాతో పోయారు. టీకా, మాత్ర, ఆక్సిజన్ అన్నీ ఉన్న జబ్బుకు ఇది చాలా పెద్ద అంకె.

ఇప్పుడు మిమ్మల్ని అడగదలచుకున్నది. నవంబరు 12 నుంచి సంక్రాంతి దాటేదాకా, వారానికి ఒక్కసారైనా, మీ చెన్నై సంచికలో అరచేయంత జాగా ఈ లెక్కకు ఇవ్వండి. పెద్ద వ్యాసం వద్దు, వైద్యుడి ఫొటో వద్దు. పైన మూడు వయసులు, వాటి ఎదురుగా మూడు అంకెలు, చదువురానివాళ్ళ కోసం ఆరు, ఐదు, నాలుగు పిక్కల బొమ్మ, పక్కటెముకల కింద గుంటపడిన ఛాతీ బొమ్మ, కింద 108. కత్తిరించి గోడకు అతికించుకునేలా చుట్టూ గీత వేయండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆరోగ్యశాఖలు తమ ప్రచార పత్రాలను ఎలాగూ తెలుగులోనే అచ్చువేసుకుంటాయి. వాటి కట్టలు కొన్ని ఈ నగరంలో తెలుగువాళ్ళు ఎక్కువగా ఉన్న పేటల్లోని ఆరోగ్య కేంద్రాలకు చేరేలా రెండు వైపుల అధికారులతోనూ మీ విలేఖరులు మాట్లాడితే ఇంకా మంచిది. ఉగాదికి పంచాంగ శ్రవణం పెట్టే ఇక్కడి తెలుగు సంఘాలు ఒక్క ఆదివారం ఈ చింతపిక్కల పాఠానికి ఇస్తే నేను వచ్చి చెబుతాను, నా బస్సు టిక్కెట్టు నేనే పెట్టుకుంటాను.

సంక్రాంతి దాటేదాకా అని అడగడానికి కారణం భోగి. ఆ తెల్లవారుజామున చెన్నైలో పాత చాపలతో పాటు టైర్లు, ప్లాస్టిక్కు కూడా మంటల్లో వేస్తారు. 2018 భోగి నాడు పొగకు దారి కనబడక మీనంబాక్కంలో దిగవలసిన విమానాలను వేరే ఊళ్ళకు మళ్ళించారు. కాలుష్య నియంత్రణ మండలి వద్దని ఏటా చెబుతూనే ఉంటుంది. ఆ పొగలోకే మనం కొత్త గౌను తొడిగిన బిడ్డను ఎత్తుకుని పోయి, మంట చూపించి, సాయంత్రం అదే బిడ్డకు దిష్టి పోవాలని, ఆయుష్షు పెరగాలని భోగిపళ్ళు పోస్తాం. ఈసారి మా ఇంట్లో ఉదయం మంట ఉండదని మా అమ్మాయితో ముందే చెప్పేశాను. రేగుపళ్ళు, చెరుకుముక్కలు, చిల్లర డబ్బులు మాత్రం ఎప్పటిలాగే సాయంత్రం ఆరు గంటలకు. వెనుక సందులోని పిల్లలను కూడా పిలిచాను. గీత వేసిన ఆ లెక్క అప్పటికి మీ పత్రికలో వచ్చి ఉంటే తాంబూలంతో పాటు తల్లులకు తలా ఒకటి కత్తిరించి ఇస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని,
ఉత్తర చెన్నై.